పీవీ టీ-60: ఒకే గిటార్ మీద ఓనర్లకు ఇన్ని మాటలు ఎందుకు?

పీవీ టీ-60 అనే ఎలక్ట్రిక్ గిటార్ ఉన్నవాళ్ళు నలుగురిని అడిగితే ఐదు అభిప్రాయాలు వస్తాయి. సౌండ్ మరీ సన్నగా, చెవిలో గుచ్చుకున్నట్టు ఉంటుందని ఒకరంటారు. ఇంత నిండైన సౌండ్ ఆ ధరలో ఇంకెక్కడా దొరకదని ఇంకొకరంటారు. ఒకరి ఇంట్లో అది యాంప్‌కి (సౌండ్‌ని పెంచే ఆంప్లిఫయర్‌కి) తగిలించగానే జుమ్మని రొద పెడుతుంది. మరొకరి ఇంట్లో చీమ చిటుక్కుమన్నా వినబడేంత నిశ్శబ్దంగా ఉంటుంది. గంట వాయిస్తే భుజం పడిపోతుందని ఒకరి గోల. ఆ బరువు వల్లే స్వరం అంతసేపు నిలబడుతుందని ఇంకొకరి మురిపెం. అందరూ ఏకమయ్యేది ఒక్కచోటే: దీనికి రావాల్సినంత పేరు రాలేదు.

ఎవరి అభిరుచి వారిదని ఇక్కడితో వదిలేయొచ్చు. కానీ ఈ గిటార్ విషయంలో ఆ జవాబు సరిపోదు. నా లెక్కలో ఈ గొడవలో సగం ఒక నాబ్ గురించిన గొడవ. ఆ నాబ్‌ని ఎవరు ఎక్కడ పెట్టి వాయించారన్నదే తేడా. మిగతా సగంలో తయారైన ఏడాది, కర్ర బరువు, సెటప్, పెట్టిన డబ్బు అన్నీ కలగాపులగం అయిపోయాయి. వీటిని విడదీస్తే, ఒకరినొకరు ఖండించుకుంటున్నట్టు కనిపించే ఓనర్లలో చాలామంది నిజమే చెబుతున్నారని తేలుతుంది.

యాంప్‌లవాళ్ళు గిటార్ చేస్తే

పీవీ అనగానే మనకు నరసింహారావుగారు గుర్తొస్తారు. ఈ పీవీ మాత్రం అమెరికాలో ఒక ఇంటిపేరు. మిసిసిపీ రాష్ట్రంలో మెరిడియన్ అనే ఊరుంది. హార్ట్‌లీ పీవీ వాళ్ళ నాన్నకు అక్కడ సంగీత వాయిద్యాల దుకాణం ఉండేది. కొడుకుకి వాయించడం కంటే యాంప్‌లు తయారుచేయడం బాగా అబ్బింది. 1965లో పీవీ ఎలక్ట్రానిక్స్ మొదలుపెట్టాడు. బార్లలో వాయించే బ్యాండ్లు, చర్చి బృందాలు, వారమంతా వేరే ఉద్యోగం చేసుకుని శనివారం రాత్రి స్టేజి ఎక్కేవాళ్ళు కొనగలిగే ధరలో యాంప్‌లు, స్పీకర్లు, మిక్సర్లు అమ్మాడు. చూడ్డానికి మోటుగా ఉన్నా పాడవకుండా పనిచేస్తాయన్న పేరు వచ్చింది. లినర్డ్ స్కినర్డ్ లాంటి పెద్ద బ్యాండు స్టేజి మీద కూడా పీవీ మేస్ యాంప్‌లు ఉండేవి.

1970లలో అమెరికా గిటార్ వ్యాపారం పరిస్థితి ఏమంత గొప్పగా లేదు. ఫెండర్ కంపెనీని 1965లోనే సీబీఎస్ కొనేసింది. గిబ్సన్ నార్లిన్ అనే సంస్థ చేతికి వెళ్ళింది. ఆ పదేళ్ళలో వచ్చిన గిటార్ల ఫినిషింగ్ మీద పాత వాయిద్యకారులు ఇప్పటికీ చెవులు కొరుక్కుంటారు. ముఖ్యంగా నెక్ (తీగలను నొక్కే పొడవాటి మెడ భాగం) వచ్చి బాడీలో కూర్చునే గూడు దగ్గర. అక్కడ రెండు చెక్కలూ బిగుతుగా ఒదగాలి. అప్పటి చాలా గిటార్లలో ఆ సందులో పిక్ (తీగలను మీటే చిన్న రేకు) దూర్చేయొచ్చు.

హార్ట్‌లీ పీవీకి తుపాకుల మీద మోజు. రైఫిల్‌లో కర్ర పిడికీ ఇనుప భాగానికీ మధ్య వెంట్రుక కూడా పట్టదు. కారణం, ఆ పిడిని మనిషి చేత్తో చెక్కడు, ముందే నిర్ణయించిన కొలతల ప్రకారం యంత్రం చెక్కుతుంది. తుపాకీ పిడి చేయగలిగిన యంత్రం గిటార్ నెక్ ఎందుకు చేయలేదు? ఈ ప్రశ్న పట్టుకుని చిప్ టాడ్ అనే గిటార్ నిపుణుణ్ణి తీసుకొచ్చి పని అప్పజెప్పాడు. అలా 1978 నాటికి టీ-60 గిటార్, దానికి జతగా టీ-40 బేస్ గిటార్ బజారులోకి వచ్చాయి. కంప్యూటర్ నడిపే కోత యంత్రాల మీద గిటార్లను పెద్ద ఎత్తున తయారుచేసిన మొదటి కంపెనీ పీవీయేనని గిటార్ చరిత్ర రాసేవాళ్ళు సాధారణంగా ఒప్పుకుంటారు.

ఇవాళ చిన్నా పెద్దా ఫ్యాక్టరీలన్నీ ఇదే పద్ధతి. అప్పుడు మాత్రం మిషన్ మీద చేసిన గిటార్ అంటే చిన్నచూపు. గిటార్ అంటే అనుభవమున్న పనివాడి చేతిలో రూపుదిద్దుకోవాలి, దానికో ఆత్మ ఉండాలి అనే నమ్మకం కొనేవాళ్ళలో బలంగా ఉండేది. పైగా ధర చూస్తే కేసుతో కలిపి 350 డాలర్ల ప్రాంతంలో ఉంది. ఫెండర్, గిబ్సన్ పెద్ద మోడళ్ళతో పోలిస్తే చవక. చవగ్గా ఉంది, మిషన్ మీద చేశారు, చేసింది యాంప్‌ల కంపెనీ. ఇంకేముంది, వాయించకముందే చాలామంది తీర్పు ఇచ్చేశారు.

అసలు గొడవంతా ఆ టోన్ నాబ్ దగ్గర

ఇక్కడ కొంచెం ఎలక్ట్రిక్ గిటార్ లోపలికి వెళ్ళాలి. తెలిసినవాళ్ళు ఓపిక పట్టండి.

తీగల కింద ఉండే పికప్ అంటే అయస్కాంతం, దాని చుట్టూ వేల చుట్లు చుట్టిన సన్నటి రాగి తీగ. పైన ఉక్కు తీగ కంపిస్తే అయస్కాంత క్షేత్రం కదులుతుంది, రాగి చుట్టలో అతి చిన్న కరెంటు పుడుతుంది. దాన్ని యాంప్ పెద్దది చేస్తుంది. ఒకే చుట్ట ఉంటే సింగిల్ కాయిల్ అంటారు. సౌండ్ స్పష్టంగా, పదునుగా వస్తుంది. చిక్కేమిటంటే ఆ రాగి చుట్ట రేడియో ఏరియల్ లాగా పనిచేసి గదిలోని కరెంటు వైర్ల రొదను కూడా పట్టేస్తుంది. మన దగ్గర కరెంటు 50 హెర్ట్జ్, అమెరికాలో 60. హైదరాబాద్‌లో వాయించినా డాలస్‌లో వాయించినా ఆ జుమ్మనే శ్రుతిలో కాస్త తేడా తప్ప విసుగు ఒకటే.

దీనికి విరుగుడుగా గిబ్సన్‌లో సెత్ లవర్ అనే ఇంజినీరు రెండు చుట్టల పికప్ తయారుచేసి 1955లో పేటెంట్‌కు దరఖాస్తు పెట్టాడు. రెండు చుట్టలనూ ఎదురెదురు దిశల్లో కలిపి, అయస్కాంత ధ్రువాలను కూడా తిరగేస్తారు. గదిలోంచి వచ్చే రొద రెంటిలోనూ ఎదురెదురుగా వచ్చి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. తీగ సౌండ్ మాత్రం రెంటిలోనూ ఒకే దిశలో వచ్చి కలిసి పెద్దదవుతుంది. అదే హంబకర్. సౌండ్ లావుగా, మెత్తగా ఉంటుంది, రొద ఉండదు. బదులుగా సింగిల్ కాయిల్‌లోని ఆ పదును కొంత పోతుంది.

రెండూ కావాలనుకునేవాళ్ళ కోసం కొన్ని గిటార్లలో ఒక స్విచ్ పెడతారు. నొక్కితే ఒక చుట్ట ఆగిపోతుంది, హంబకర్ కాస్తా సింగిల్ కాయిల్ అవుతుంది. ఇటో అటో, మధ్యలో ఏమీ లేదు.

టీ-60లో అలాంటి స్విచ్ లేదు. ఆ పని టోన్ నాబ్ చేస్తుంది. ఈ సర్క్యూట్ ఆలోచన ఆర్విల్ 'రెడ్' రోడ్స్‌ది. ఆయన పేరున్న పెడల్ స్టీల్ గిటార్ వాద్యకారుడు, పికప్‌లు కూడా తయారుచేసేవాడు. నాబ్ 10 దగ్గర ఉంటే ఆ పికప్‌లో ఒక్క చుట్టే పనిచేస్తుంది. 10 నుంచి 7 వైపు తిప్పుతుంటే రెండో చుట్ట కొద్దికొద్దిగా వచ్చి కలుస్తుంది. 7 దగ్గరికి వచ్చేసరికి పూర్తి హంబకర్. 7 దాటి ఇంకా కిందకి తిప్పితే అప్పుడు మామూలు గిటార్లలో టోన్ నాబ్ చేసే పని మొదలవుతుంది. అంటే కెపాసిటర్ ద్వారా పై స్థాయి పదును తగ్గి, సౌండ్ మందగిస్తూ పోతుంది.

చేత్తో తిప్పి చూస్తే తెలుస్తుంది ఇందులోని చమత్కారం. బ్రిడ్జి (బాడీ మీద తీగలను ఆనించి పట్టుకునే భాగం) పక్కనున్న పికప్ ఒక్కటే ఎంచుకుని, నాబ్ 10 మీద పెట్టి, ఒక కార్డ్ (కొన్ని స్వరాలు ఒకేసారి) కొట్టండి. తీగ మీద పిక్ రాసుకున్న చప్పుడు కూడా విడిగా వినిపిస్తుంది. వెనకాల సన్నగా రొద. ఆ కార్డ్ మోగుతుండగానే నాబ్‌ని మెల్లగా వెనక్కి తిప్పండి. 9 దగ్గర పెద్ద తేడా ఉండదు. 8 దగ్గర కింది తీగలకు ఒళ్ళు వస్తుంది. 7కి వచ్చేసరికి రొద ఎప్పుడు ఆగిపోయిందో కూడా గమనించం, ఆగాక తెలుస్తుంది. సౌండ్ ఒక మెట్టు ముందుకొచ్చి నిలబడుతుంది.

ఇప్పుడు గిటార్ వాయించేవాళ్ళ అలవాటు చూడండి. మామూలు గిటార్‌లో టోన్ 10 అంటే ఏ ఫిల్టరూ లేకుండా ఉన్నది ఉన్నట్టు అని. అందుకని చాలామంది గిటార్ చేతికి రాగానే నాబ్‌లన్నీ పూర్తిగా తిప్పేసి యాంప్ దగ్గరే సౌండ్ సరిచేసుకుంటారు. కొందరు టోన్ నాబ్‌ని ఏళ్ళ తరబడి ముట్టుకోరు. టీ-60తో అదే చేస్తే వాళ్ళకు వినబడేది సింగిల్ కాయిల్ సౌండ్ మాత్రమే, అదీ పికప్ అసలు బలంలో సగంతో. సౌండ్ సన్నం, రొద ఎక్కువ అనే ఫిర్యాదు ఇక్కడ పుట్టింది. వాళ్ళు అబద్ధం చెప్పడం లేదు. వాళ్ళు వాయించిన గిటార్ నిజంగా అలాగే ఉంది. పక్కింటాయన 7 దగ్గర పెట్టుకుని వాయించినది వేరే గిటార్, అంతే.

దుకాణంలో ఐదు నిమిషాలు వాయించి వదిలేసినవాళ్ళకూ, తాకట్టు దుకాణంలో కొని కాగితాలేవీ లేకుండా తెచ్చుకున్నవాళ్ళకూ ఈ సంగతి చెప్పేవాళ్ళెవరు? గిటార్ మీద ఎక్కడా రాసి ఉండదు. నాబ్ దగ్గర గుర్తు గానీ, 7 దగ్గర టక్కున ఆగే ఏర్పాటు గానీ లేవు. సర్క్యూట్ ఎంత తెలివైనదైనా, వాడేవాడికి అది కనబడకపోతే తప్పు డిజైన్‌దే అని నేనంటాను. అభిమానులు ఈ మాట ఒప్పుకోరు. వాడకం తెలియనివాళ్ళదే తప్పంటారు.

స్టేజి మీద ఇంకో ఇబ్బంది. పాట మధ్యలో సన్నటి రిథమ్ నుంచి లావు సోలోకి మారాలంటే నాబ్‌ని సరిగ్గా 10 నుంచి 7కి, చీకట్లో, ఒక బీటు వ్యవధిలో తిప్పాలి. స్విచ్ అయితే వేలితో తడితే చాలు. దీనికి అనుభవమున్న ఓనర్లు ఒక ఉపాయం పెట్టుకున్నారు. రెండు పికప్‌లకూ విడివిడిగా వాల్యూమ్, టోన్ ఉన్నాయి కనుక బ్రిడ్జి పికప్‌ని 10 దగ్గర, నెక్ పికప్‌ని 7 దగ్గర ముందే పెట్టేసి, పాట మధ్యలో పికప్ మార్చే స్విచ్ ఒక్కటే వాడతారు. ఈ పద్ధతి తెలిసినవాళ్ళు గిటార్‌ను ఆకాశానికెత్తుతారు. తెలియనివాళ్ళు విసుక్కుంటారు.

ఇదంతా చాలదన్నట్టు ఇంకో చిన్న స్విచ్ ఉంది, ఫేజ్ స్విచ్. రెండు పికప్‌లూ కలిపి వాడుతున్నప్పుడు మాత్రమే అది పనిచేస్తుంది. నొక్కితే ఒక పికప్ సిగ్నల్ తలకిందులవుతుంది. రెంటిలోనూ సమానంగా ఉన్న కింది స్వరాలు కొట్టేసుకుపోయి, ముక్కుతో పలికినట్టుండే బోలు సౌండ్ మిగులుతుంది. రెండు వాల్యూమ్‌లూ సమానంగా ఉంటే ఇది మరీ ఎండిపోయినట్టు ఉంటుంది. ఒకదాన్ని కాస్త తగ్గిస్తే కొట్టివేత పూర్తిగా జరగదు కాబట్టి కొంచెం కండ మిగిలి వినసొంపుగా మారుతుంది. పాత ఓనరు ఆ స్విచ్‌ని తలకిందుల స్థితిలో వదిలేసి అమ్మేస్తే, కొత్త ఓనరు రెండు పికప్‌లు కలిపి మొదటిసారి వాయించినప్పుడు ఏమనుకుంటాడో ఊహించండి. గిటార్ పాడైపోయిందనుకుంటాడు.

రోడ్స్ స్టీల్ గిటార్ మనిషి కావడం ఈ గిటార్ స్వభావంలో కనిపిస్తుందని నాకనిపిస్తుంది. స్టీల్ గిటార్ వాయించేవాళ్ళకు స్వరం శుభ్రంగా ఉండాలి, ఎక్కువసేపు నిలవాలి, రొద ఉండకూడదు. టీ-60 సరిగ్గా అలాంటిది. డిస్టార్షన్ (సౌండ్‌ని కావాలని బరకగా చేయడం) లేని యాంప్‌లో, ముఖ్యంగా కంట్రీ సంగీతం వాయించేటప్పుడు అది వెలిగిపోతుంది. అదే గిటార్‌ను గెయిన్ పూర్తిగా పెంచిన హెవీ మెటల్ యాంప్‌కి తగిలించి, టోన్ 10 మీద పెట్టి, బాగోలేదంటే ఆ మాటను ఏ లెక్కలో వేసుకోవాలి?

బరువు, నెక్, పోలికలు

బరువు గురించిన మాటలు మాత్రం నూటికి నూరుపాళ్ళు నిజం. బాడీ యాష్ అనే చెక్క. 4 కిలోలకు తక్కువగా దొరికితే అదృష్టం. నాలుగున్నర దాటినవి బోలెడు. ఫెండర్‌వాళ్ళ మామూలు స్ట్రాటోకాస్టర్ గిటార్ మూడున్నర కిలోల దగ్గర ఉంటుంది కాబట్టి తేడా భుజానికి వెంటనే తెలుస్తుంది. అయితే చెక్క ముక్క ముక్కకీ బరువు మారుతుంది. ఒక ఓనరు చేతిలోది, ఇంకొకరి చేతిలోది ఒకే మోడల్ అయినా అరకిలో తేడా ఉండొచ్చు. దీన్ని పీవీ చేసిన పొరపాటుగా చూడటం కూడా సరికాదు. గిటార్ బరువుగా ఉంటే స్వరం ఎక్కువసేపు నిలుస్తుందని 1970ల చివర్లో బలమైన నమ్మకం. ఆ రోజుల్లో వచ్చిన పెద్ద బ్రాండ్ల గిటార్లూ బరువైనవే. కాకపోతే వాటి బరువుకు వింటేజ్ అని పేరు పెట్టుకున్నాం, దీని బరువును మోటుదనం అన్నాం.

నెక్ దగ్గర చాలామందికి తెలియని మంచి పనితనం ఉంది. మేపుల్ చెక్క వాతావరణాన్ని బట్టి వంగుతుంది. పీవీవాళ్ళు నెక్ చెక్కను పొడవునా నిలువుగా రెండుగా కోసి, ఒక ముక్కను తిరగేసి, మధ్యలో ఉక్కు కడ్డీ పెట్టి మళ్ళీ అతికించారు. జోడెడ్లలో చెరొకటీ చెరో పక్కకు లాగితే బండి దారి తప్పకుండా సాగినట్టు, ఒక ముక్క ఇటు వంగాలని చూస్తే రెండోది అటు వంగాలని చూస్తుంది, నెక్ నిటారుగా ఉండిపోతుంది. దీనికి పేటెంట్ కూడా తీసుకున్నారు. ఫెండర్ మేపుల్ నెక్‌ల వెనక కడ్డీ పెట్టడానికి తవ్వి, నల్లటి చెక్కతో పూడ్చిన గీత కనిపిస్తుంది కదా, దీనికి ఆ గీత ఉండదు. నలభై ఏళ్ళు దాటిన టీ-60ల నెక్‌లు ఇప్పటికీ తిన్నగా ఉన్నాయని ఓనర్లు చెప్పేది ఊరికే కాదు.

ఆ నెక్ చేతికి ఎలా ఉంటుందన్నది వేరే సంగతి. అది సన్నటి నెక్. చిన్న చేతులవాళ్ళకు హాయి. లావు వేళ్ళవాళ్ళకు తీగల మధ్య చోటు చాలదు. దీనికి ఏ విశ్లేషణా అక్కర్లేదు, పట్టుకుని చూడటమే.

తీగలు ఎత్తుగా ఉన్నాయి, నొక్కడం కష్టం అనే ఫిర్యాదులో మాత్రం గిటార్ తప్పు తక్కువ. నెక్ వెనక, బాడీకి కలిసే పళ్ళెం దగ్గర నెక్ వాలు మార్చే స్క్రూ ఒకటి ఉంది. సరిగ్గా సర్దితే తీగల ఎత్తు దిగుతుంది. చేతులు మారుతూ వచ్చిన గిటార్‌లో ఆ స్క్రూని ఎవరూ ముట్టుకోకపోయినా కష్టమే, తెలియనివాళ్ళు ముట్టుకున్నా కష్టమే.

పికప్‌లు కూడా అన్ని ఏళ్ళూ ఒకటి కావు. మొదట్లో వచ్చినవాటికి టోస్టర్ పికప్‌లని ఓనర్లు ముద్దుగా పిలుచుకునేవి ఉండేవి, తర్వాత బ్లేడ్ రకం వచ్చాయి. మొదటి గిటార్లలో ఎక్కువ చెక్క రంగులోనే, మేపుల్ ఫ్రెట్‌బోర్డుతో (నెక్ మీద వేళ్ళతో తీగలు నొక్కే పలక) కనిపిస్తాయి. తర్వాత రంగులూ రోజ్‌వుడ్ ఫ్రెట్‌బోర్డూ వచ్చాయి. కాబట్టి ఎవరైనా టీ-60 ఇలా ఉంటుంది అంటే, ఏ ఏడాదిది అని అడగడం న్యాయం.

ఇక అందం. ఉబ్బెత్తు బాడీ, నల్లటి పెద్ద పిక్‌గార్డు, మెరుపుగీతల్లాంటి అక్షరాలతో పీవీ లోగో. నాకు బాగానే ఉంటుంది. బాగోలేదనేవాళ్ళతో వాదించే ఓపిక లేదు.

ఎందుకు ఆగిపోయింది

టీ-60 దుకాణాల్లోకి వచ్చిన 1978లోనే వాన్ హేలెన్ బ్యాండు మొదటి ఆల్బమ్ వచ్చింది. ఎడ్డీ వాన్ హేలెన్ చేతిలో ఉన్నది తనే విడిభాగాలతో కూర్చుకున్న గిటార్. దాని మీద ఆయన వాడింది ఒకే హంబకర్, ఒకే వాల్యూమ్ నాబ్. నాలుగు నాబ్‌లు, రెండు స్విచ్‌లతో ఎన్ని సౌండ్లయినా రాబట్టొచ్చని పీవీ చెబుతుంటే, కుర్రాళ్ళు ఒకే సౌండ్‌తో నిప్పులు కురిపిస్తున్నవాడి వైపు చూశారు. ఆ తర్వాత పదేళ్ళూ తేలికపాటి బాడీ, బలమైన పికప్, శ్రుతి చెడకుండా తీగలను వదులు చేసి బిగించే ట్రెమొలో బ్రిడ్జి ఉన్న గిటార్లదే రాజ్యం. స్థిరమైన బ్రిడ్జి, నాలుగున్నర కిలోల చెక్క ఉన్న టీ-60 అప్పటికే తాతల గిటార్‌లా కనిపించింది. పీవీ కూడా కాలాన్ని బట్టి కోణాలు తిరిగిన వేరే మోడళ్ళు దించింది. 1980ల చివరికి టీ-60 పేరు కేటలాగులో లేదు.

1990లలో అదే ఎడ్డీ వాన్ హేలెన్ పీవీతో చేతులు కలిపి యాంప్, ఆ తర్వాత 1996లో వుల్ఫ్‌గ్యాంగ్ అనే గిటార్ తీసుకొచ్చాడు. పీవీ మంచి గిటార్లు చేయగలదని అప్పుడు అందరూ ఒప్పుకున్నారు. టీ-60 చేసింది అదే కంపెనీ అని ఎంతమందికి గుర్తొచ్చిందో చెప్పలేం.

పేరు రాకపోవడానికి పోటీ గిటార్లు ఒక్కటే కారణమని నేననుకోను. అసలు దెబ్బ కంపెనీ సరుకు కొనేవాళ్ళ వల్ల పడింది. పీవీ సరుకు కొనేది పనిచేసే వాయిద్యకారులు. వాళ్ళు గిటార్ గురించి గొప్పలు చెప్పుకోరు. గోడకు తగిలించి ఫొటోలు తీయరు. వాడతారు, అరిగిపోయాక అమ్మేస్తారు. ఒక గిటార్ గురించి కథలు పుట్టాలంటే దాన్ని పోస్టర్ మీద చూసి కలలు కన్న పిల్లలు ఉండాలి. టీ-60కి ఆ పిల్లలు లేరు. చర్చి హాల్లో నాన్న వాయిస్తుంటే చూసిన పిల్లలున్నారు. ఇప్పుడు దాన్ని వెతుక్కుంటూ తిరిగేవాళ్ళలో వాళ్ళే ఎక్కువని నా అనుమానం.

పొగడ్తను కూడా జల్లెడ పట్టాలి

తిట్లను విడదీసినట్టే పొగడ్తలనూ విడదీయాలి కదా. ఇన్నేళ్ళ తర్వాత టీ-60 గురించి మాట్లాడేది ఎవరు? దాన్ని అమ్మకుండా దాచుకున్నవాళ్ళు, లేదా ఏరికోరి కొన్నవాళ్ళు. నచ్చనివాళ్ళు ఎప్పుడో అమ్మేసి, ఇంకో గిటార్ గురించి మాట్లాడుకుంటున్నారు. కాబట్టి ఇవాళ వినిపించే అభిప్రాయాల్లో ప్రేమ పాలు సహజంగానే ఎక్కువ.

పెట్టిన డబ్బు కూడా మాట్లాడుతుంది. తాకట్టు దుకాణంలో చవగ్గా దొరికిన గిటార్ బాగా మోగితే ఆ ఆనందంలో సగం సౌండ్‌ది, సగం బేరానిది. ఇన్నాళ్ళూ అలా కొన్నవాళ్ళే దీన్ని ఎవరూ గుర్తించని ఆణిముత్యం అంటూ వచ్చారు. ఆ మాట అందరి నోటా పడేసరికి ధర పెరిగింది. మంచి స్థితిలో ఉన్నదానికి ఇప్పుడు వింటేజ్ రేటే అడుగుతున్నారు. ఆ రేటుకి కొన్న కొత్త ఓనరు పాత ఓనరంత ఉదారంగా మాట్లాడకపోవడంలో ఆశ్చర్యం లేదు. అదే గిటార్, అదే సౌండ్, కానీ చవగ్గా దొరికినప్పుడు పట్టించుకోని లోపం ఖరీదు పెరిగాక కనబడుతుంది.

ఒకే గిటార్‌లో స్ట్రాటోకాస్టర్, గిబ్సన్‌వాళ్ళ లెస్ పాల్ రెండూ ఉన్నాయనే మాట కూడా అభిమానుల అతిశయోక్తే. 10 దగ్గర అది స్ట్రాటోకాస్టర్ జాతి పదునును గుర్తుచేస్తుంది, నిజమే. 7 దగ్గర మాత్రం లెస్ పాల్‌లోని ఆ చిక్కటి మధ్యస్వరాలు రావు. టీ-60 హంబకర్ అంతకంటే తేటగా, కాస్త చల్లగా ఉంటుంది. దాని సౌండ్ దానిదే. ఇంకొకదానికి నకలుగా అమ్మబోయి దాన్ని తక్కువ చేస్తున్నారు.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో దుకాణంలో ఇది ఎదురయ్యే అవకాశం దాదాపు లేదు. అమెరికాలో ఉన్న మనవాళ్ళు అక్కడి సెకండ్ హ్యాండ్ దుకాణాల్లో చూస్తే చూడాలి. కొని ఇండియాకి వచ్చేటప్పుడు తేవాలనుకుంటే బరువు గుర్తుంచుకోండి. అచ్చుపోసిన గట్టి ప్లాస్టిక్ కేసుతోనే దీన్ని అమ్మారు. ఆ కేసు గిటార్ ఆకారంలో లోపలి గూడుతో చాలా పటిష్ఠంగా ఉంటుంది. దాంతో కలిపితే పచ్చళ్ళకూ పిల్లల బట్టలకూ లగేజీలో చోటు కరువే. అయినా కేసు లేకుండా మాత్రం కొనొద్దు. మళ్ళీ అలాంటిది విడిగా వెతకడం తలనొప్పి.

కొనేముందు చూడాల్సిన అసలు సంగతి ఒకటుంది. పాతికేళ్ళో ముప్ఫై ఏళ్ళో చేతులు మారిన గిటార్లలో కొన్నింటికి టోన్ నాబ్ పాడై, మెకానిక్ తనకు తెలిసిన మామూలు పద్ధతిలో వైర్లు కలిపేసి ఉంటాడు. కొన్నింటికి పికప్‌లే మార్చేసి ఉంటారు. పైకి ఏ తేడా కనబడదు. అందుకని యాంప్ ఉన్నచోటే చూడండి. ఒక్కో పికప్ విడిగా ఎంచుకుని, వాల్యూమ్ పూర్తిగా పెట్టి, ఒక కార్డ్ కొట్టి టోన్‌ని 10 నుంచి 7 దాకా నిదానంగా తిప్పండి. రొద తగ్గుతూ సౌండ్ లావెక్కితే సర్క్యూట్ బతికే ఉంది. ఒట్టి పదును తగ్గడం తప్ప ఇంకేమీ జరగకపోతే ఎవరో వైరింగ్ మార్చేశారు. రెండో పికప్‌కీ ఇదే చేయండి, ఎందుకంటే ఒకటి బాగుండి ఇంకొకటి పోయినవి కూడా ఉంటాయి. తర్వాత రెండూ కలిపి ఫేజ్ స్విచ్ అటూ ఇటూ వేసి చూడండి. గరగరమని చప్పుడొస్తే భయం లేదు, శుభ్రం చేస్తే పోతుంది. అసలు తేడాయే రాకపోతే, అమ్మేవాడు ఎంత అరుదైన గిటార్ అని చెప్పినా సరే, ఆ లెక్క ధరలోంచి తీసేసి మాట్లాడండి.